మీరు వెళ్ళొచ్చారు, చూసేవాళ్ళు వెళ్ళలేదు

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ వైపు పాపికొండల ఫొటో ఒక్కటైనా లేని ఫోను దొరకడం కష్టం. భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని, పోచవరం రేవుకు వెళ్ళి, బోటెక్కి పేరంటాలపల్లి దాకా పోయి వస్తారు. బోట్లు ఎండెక్కాక కదులుతాయి, ఎండ మెత్తబడకముందే తిరుగుముఖం పడతాయి. కాబట్టి ఫొటోలన్నీ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తీసినవే అవుతాయి. పైన పాలిపోయిన ఆకాశం, మధ్యన బూడిదరంగు కొండలు, కింద కళ్ళు చెదిరేలా మెరిసే నీళ్ళు. అయినా తీసినవాళ్ళకు ఆ ఫొటో చూసినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది. ఇంజను చప్పుడు, మొహానికి కొట్టిన గాలి, బొంగు చికెన్ వాసన, మలుపు తిరగగానే రెండు కొండలు దగ్గరికొచ్చి నదిని నొక్కేసిన క్షణం, ఇవన్నీ వాళ్ళ మనసు ఆ ఫొటోకి తనంతట తానే చేరుస్తుంది. మరొకరికి చూపిస్తే వాళ్ళకు కనిపించేవి బూడిదరంగు కొండలే. "బాగుందండీ" అని ఫోను వెనక్కి ఇచ్చేస్తారు.

ఈ అధ్యాయమంతా ఆ ఎడం గురించే. తీసిన మనిషికి ఆ చోటు గుర్తుంది, చూసే మనిషి ముందు ఫ్రేము మాత్రమే ఉంది. సొంత జ్ఞాపకాన్ని పక్కన పెట్టి సొంత ఫొటోని చూడడం ఎవరికీ చేతకాదు, ఎన్నేళ్ళ అనుభవమున్నా సరే. అందుకే ఎడిటింగు మొదలుపెట్టే ముందే ఇంకో మనిషి కావాలి. మనలో చాలామందిమి దీన్ని తలకిందులుగా చేస్తాం. ఒంటరిగా కూర్చుని గంటసేపు స్లైడర్లు జరిపి, ఉన్న రంగులన్నీ పెంచి, అంతా అయ్యాక స్నేహితులకు చూపిస్తాం. అప్పుడు వాళ్ళు ఏమన్నా మన కష్టాన్ని అన్నట్టే ఉంటుంది, మనసు ఒప్పుకోదు. దిద్దని ఫొటోని ముందు చూపించండి. దాని మీద మీకింకా మమకారం పెరగలేదు కనుక చెవులు తెరుచుకునే ఉంటాయి.

దీనికి సంఘం, రిజిస్ట్రేషను, బ్యానరు ఏవీ అక్కర్లేదు. నలుగురు చాలు. నెలకో ఆదివారం పొద్దున ఒకరింటి వరండాలో కూర్చోండి. మనిషికి ఒక్క ఫొటో. పది తెస్తే పదింటికీ తలూపి లేచిపోతారు, ఒక్కటే ఉంటే దాన్ని చూడక తప్పదు. ఎనిమిది బై పన్నెండు సైజులో ప్రింటు తీయించి తెచ్చారంటే సగం పని అయినట్టే. ఎందుకంటే ఒక్కో ఫోను తెర ఒక్కో రంగు చూపిస్తుంది. ఖరీదైన ఫోనులో చిగురాకులా మెరిసే అడవి, పాత ల్యాప్‌టాప్‌లో ఎండు గడ్డిలా ఉంటుంది. తెరల మీద చూస్తే నలుగురు నాలుగు ఫొటోలు చూస్తున్నట్టు లెక్క. ప్రింటు బల్ల మీద పెడితే అందరి ముందూ ఉండేది ఒకటే వస్తువు.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి చూసే ఉంటారు. పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నీ నిషేధిస్తూ పోతాడు, అవధాని ఆ అక్షరం తొక్కకుండా పద్యం నడపాలి. దారి మూసినచోటే కొత్త పదం పుడుతుంది. మన ఆదివారం కూడికలోనూ కొన్ని మాటల్ని అలాగే నిషేధించాలి: బాగుంది, సూపర్, అదిరింది, బాలేదు, ఇంకా బాగా తీయొచ్చు. ఈ మాటలన్నీ చూడడాన్ని మధ్యలోనే ఆపేస్తాయి. అవి లేకుండా ఏదైనా చెప్పాలంటే ఫొటోలోకి దిగాల్సిందే.

మొదట, తీసినవాళ్ళు నోరు మెదపకూడదు. ఇది అన్నిటికన్నా కష్టమైన నియమం, దీన్ని మాత్రం సడలించకండి. మిగతా ముగ్గురూ ఏం కనిపిస్తోందో అది చెప్పాలి, అభిప్రాయం కలపకుండా. "ఎడమ పక్కన బోటు కమ్మీ అడ్డంగా ఉంది. ఎవరిదో మోచెయ్యి. నారింజ రంగు లైఫ్ జాకెట్. వెనక మూడు కొండలు, మూడోది మసక." ఆ తర్వాత కన్ను ముందు ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది, ఎక్కణ్ణుంచి బయటికి జారిపోయింది, ఇవి చెప్పాలి. చివరికి ఏ కాలం, ఏ వేళ అనిపిస్తోందో ఊహించాలి. అప్పుడు తీసిన మనిషి గొంతు విప్పి, తాను కెమెరా ఎందుకు ఎత్తాడో ఒక్క వాక్యంలో చెప్పాలి.

"తమ్ముడూ, నా కన్ను మాటిమాటికీ ఆ జాకెట్ మీదికే పోతోంది" అని ఒకరంటారు. "అయ్యో, నేను తీసింది వెనకాల కొండలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయని అన్నా" అని వీడంటాడు. ఇక్కడితో విమర్శ పని తొంభై పాళ్ళు అయిపోయింది. చెప్పాలనుకున్నదొకటి, చేరినదొకటి. ఆ రెండింటి మధ్య దూరమెంతో తెలిస్తే ఏం దిద్దాలో తెలిసినట్టే.

అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య కళాకారిణి 1990లో ఇలాంటి విమర్శ పద్ధతినే నాలుగు అంచెలుగా రూపొందించారు. అందులో చివరి అంచె నాకు చాలా ఇష్టం: అభిప్రాయం చెప్పేముందు అనుమతి అడగాలి. "క్రాపు గురించి నాకో ఆలోచన ఉంది, చెప్పమంటావా?" అని. వద్దనే హక్కు తీసినవాళ్ళకు ఉంటుంది. మన దగ్గర పెద్దవాళ్ళు అడగకుండానే తీర్పు చెప్పేస్తారు, చిన్నవాళ్ళు అడిగినా నోరు విప్పరు. ఈ ఒక్క ప్రశ్నతో ఆ రెండు జబ్బులూ చాలావరకు తగ్గుతాయి. కూడికలో అందరికన్నా చిన్నవాళ్ళతో ముందు మాట్లాడించండి. సీనియరు నోటినుంచి ఒక మాట వచ్చాక మిగతావాళ్ళకు వేరే ఏమీ కనిపించదు.

ఇక దిద్దుబాటు. అదే బోటు ఫొటోని తీసుకుందాం. కొండలు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడమే విషయమని తేలింది కదా. కమ్మీ, మోచెయ్యి, జాకెట్ క్రాపులో పోవాలి. ఎడమవైపు కోస్తే ఫ్రేము నిలువుకు దగ్గరవుతుంది, ఇరుకు పెరుగుతుంది. ఆ ఇరుకు మనకు కావలసిందే, గోదావరి అక్కడ నిజంగానే ఇరుకులో పారుతుంది. నీటి అంచు వాలి ఉంటే నిటారు చెయ్యండి. కొండ ఎటు వాలినా కన్ను క్షమిస్తుంది, నీళ్ళు వాలితే క్షమించదు.

ఇప్పుడు అందరూ చేసే పని: డీహేజ్ స్లైడరు పట్టుకుని చివరిదాకా లాగడం. మసక పోతుంది, మూడో కొండ మీద చెట్లు కనిపిస్తాయి, ఒక్క నిమిషం ముచ్చటగా ఉంటుంది. కానీ దూరంగా ఉన్న కొండ దూరంగా ఉన్నట్టు మన కంటికి తెలిసేదే ఆ మసక వల్ల. మధ్యలో ఉన్న గాలి వెలుగును చెదరగొడుతుంది కనుక దూరపు కొండ పలచగా, నీలంగా కనిపిస్తుంది. అది తీసేస్తే మూడు కొండలూ ఒకే గోడకి అతికించినట్టు అయిపోతాయి. మీరు తీసిన కారణమే చచ్చిపోతుంది. చెయ్యాల్సింది ఇందుకు విరుద్ధం. మొదటి కొండ మీద మాత్రం నీడలు కాస్త ముదరనివ్వండి, కాంట్రాస్టు కొంచెం పెంచండి, రెండో దాన్ని ముట్టుకోకండి, మూడో దాన్ని ఇంకాస్త పలచబడనివ్వండి. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ అనే పరికరం, లైట్‌రూమ్‌లో మాస్కు ఇందుకే ఉన్నాయి. ఫొటో మొత్తానికీ ఒకే మందు పోసే స్లైడర్ల కన్నా చోటు చూసి చేసే ఈ చిన్న పనులకే విలువెక్కువ. ఆకాశం తెల్లగా కాలిపోయి ఉంటే, అందులో సమాచారమే లేదు, హైలైట్స్ ఎంత తగ్గించినా బూడిద వస్తుంది తప్ప మేఘం రాదు. దాన్ని సన్నని గీతంత మిగిల్చి పైనుంచి కోసెయ్యండి. వేరే ఊరి మేఘాలు తెచ్చి అతికించే పని మాత్రం వద్దు. కొండ మీద వెలుగు నడినెత్తినుంచి పడుతుంటే మేఘాల మీద సాయంత్రపు ఎరుపు ఉంటుంది. వరండాలో ఎవరూ కారణం చెప్పలేకపోవచ్చు, నమ్మడం మాత్రం మానేస్తారు.

రంగుల్లో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఎరుపు. ఖమ్మం చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లోనే అడవిలో మోదుగ పూస్తుంది. రెండూ కెమెరాను మోసగిస్తాయి. జెపెగ్ ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ 256 మెట్లే ఉంటాయి. మిర్చి కల్లంలో ఎరుపు పై మెట్టుకి ఎప్పుడో చేరిపోయి ఉంటుంది, మొత్తం హిస్టోగ్రాము మాత్రం అంతా క్షేమమే అంటుంది. దాని మీద శాచురేషన్ పెంచారా, కాయల ముడతలు, తొడిమల నీడలు, కాయకీ కాయకీ మధ్య చీకటి, అన్నీ కలిసి ఎర్రటి దుప్పటి పరిచినట్టు అవుతాయి. మూడు రంగుల హిస్టోగ్రాములు విడివిడిగా చూడడం అలవాటు చేసుకోండి. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. వీలుంటే రా ఫైలు తీయండి, 14 బిట్ల ఫైలులో మెట్లు 16,384 ఉంటాయి, దిద్దుకోవడానికి చోటు ఉంటుంది. ఎడిటింగులో ఎరుపు ఒక్కదాని శాచురేషన్ తగ్గించి, దాని వెలుగు కూడా కొంచెం దించితే కాయలు మళ్ళీ విడివిడిగా లేచి నిలబడతాయి. తగ్గిస్తే ఎరుపు పెరిగినట్టు కనిపించడం మొదట వింతగా ఉంటుంది. ప్రింటు తీయిస్తే నమ్ముతారు.

గోదావరి రంగుది ఇంకో సంగతి. వరదకాలంలో ఎర్రనీరు, చలికాలంలో పాపికొండల మధ్య పచ్చటి లోతు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు తీసిన ఫొటోలెన్నో ఇళ్ళల్లో ఉన్నాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాని మీద ఇంకా పద్దెనిమిది అడుగుల నీళ్ళన్నమాట. ఆ ఫొటోలు కొన్నింటిలో నది బురద బూడిదగా ఉంటుంది. ఫ్రేమంతా ఒకే రంగు నిండితే, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ రంగును తప్పుగా భావించి చల్లార్చేస్తుంది. వైట్ బ్యాలెన్స్ వెచ్చగా జరిపి ఎరుపు తిరిగి తేవడం అబద్ధం చెప్పడం కాదు, కెమెరా చేసిన పొరపాటు దిద్దడం. అదే వరద నీటిని చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని నీలంగా మారిస్తే, ఆ నెలలో ఆ ఊరివాళ్ళు పడ్డదంతా తుడిచేసినట్టు.

టేకు అడవిది కూడా ఇదే కథ. కిన్నెరసాని దారిలో ఎండలు ముదిరేసరికి చెట్లు ఆకులు రాల్చి మోడులవుతాయి, నేలంతా గోధుమరంగు. ఆ నేలను పచ్చగా మార్చి కేరళ చేద్దామని ఫోనుకు భలే ఉబలాటం. మోడుల అందం వేరు: కొమ్మల గీతలు, పొడవాటి నీడలు, ఎండుటాకుల మీద పక్కనుంచి పడే వెలుగు. నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఫొటో నిలబడితే అందులో ఆకారం ఉన్నట్టు, అప్పుడు రంగు వెనక్కి తెచ్చుకోవచ్చు. పడిపోతే రంగు ఎంత పెంచినా లేవదు.

ఇక చెరపడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వేలితో రుద్దితే కరెంటు స్తంభం మాయమయ్యే కాలంలో ఉన్నాం. పాల్వంచలో సూర్యాస్తమయం తీసేవాళ్ళకు కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎప్పుడూ అడ్డంగానే ఉండేవి. కొందరు అవి పడకుండా పక్కకు జరిగి తీసేవాళ్ళు, కొందరు తీశాక చెరిపేవాళ్ళు. 2024 ఆగస్టులో పాత ప్లాంటు టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అర్ధశతాబ్దం పాటు ఆ ఊరికి ఆనవాలుగా నిలిచినవి క్షణాల్లో నేలమట్టమయ్యాయి. ఇప్పుడు ఆ టవర్లున్న పాత ఫొటోల కోసం ఆ ఊరివాళ్ళు ఆల్బములు తిరగేస్తారు, వాటిని చెరిపిన సూర్యాస్తమయం ఏ ఊరిదైనా కావచ్చు.

చెరపడం మహాపాపమని నేననను. అమెరికా ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ లాంటివాడు కూడా చెరిపాడు. 1944లో కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనే ఊరి దగ్గర మంచుకొండల మీద పొద్దు పొడుపు తీశాడు. ఆ ఊరి బడిపిల్లలు కొండవాలు మీద ఎల్, పి అని రాళ్ళకు సున్నం పూసి పెద్ద అక్షరాలు రాసి ఉన్నారు. ఫొటోలోంచి ఆయన వాటిని తుడిచేశాడు, ఆ సంగతి దాచకుండా రాసుకున్నాడు కూడా. 1941లో హెర్నాండెజ్ అనే ఊళ్ళో తీసిన చంద్రోదయం ఫొటోనైతే దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ ప్రింటు చేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బుతెరలు కనిపిస్తాయి, తర్వాతి వాటిలో ఆకాశం నల్లగా ముదిరిపోయింది. నెగటివ్ ఒక్కటే, మనిషి వయసుతో పాటు ఆకాశం చీకటి పెరిగింది. ఇందులోంచి మనం తీసుకోవాల్సింది రెండు. దిద్దుబాటు ఒక్కసారితో ముగిసే పని కాదు, అయిదేళ్ళ తర్వాత అదే ఫైలు మీకు వేరేగా కనిపిస్తుంది. రెండోది, నెగటివ్ అలాగే ఉండాలి. మీ అసలు ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చెయ్యకండి. దిద్దిన ప్రతికి వేరే పేరు పెట్టండి, అసలుదాన్ని ఇంకో హార్డ్ డిస్కులో కూడా దాచండి.

మన దగ్గర ఈ జాగ్రత్తకు అదనపు కారణం ఉంది. పోచవరం ఉన్న వరరామచంద్రాపురం మండలం, కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, వీటిని అందరూ ముంపు మండలాలనే పిలుస్తారు. 2014లో ఇవి ఖమ్మం జిల్లానుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నిండితే ఇవాళ మీరు బోటులోంచి తీస్తున్న ఒడ్డు, గుడిసె, చింతచెట్టు, రేవు మెట్లు నీటి కిందికి పోతాయి. క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల మొదట్లో ఈ కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి పనిచేశాడు, 1945లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలను లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం భద్రపరిచింది. అందం కోసం ఆయన ఇళ్ళనూ వెదురు తడికలనూ ఫ్రేములోంచి తప్పించి ఉంటే మనకు కొండలు మిగిలేవి, మనుషులు ఎలా బతికారో మిగిలేది కాదు. ఒడ్డున ఉన్న నీలం ప్లాస్టిక్ పట్టా మీ కంటికి వికారంగా ఉండొచ్చు. ప్రింటులో దాని రంగు కొంచెం దించండి, అంచుల్ని ముదరబెట్టి చూపు కొండవైపు మళ్ళించండి. పట్టాను మాత్రం ఉండనివ్వండి.

అందుకే మీ నలుగురి మధ్యే విమర్శ ఆగిపోకూడదు. ఆ చోట బతికేవాళ్ళకు చూపించండి. కోయగూడెంలో తునికాకు కట్టలు కట్టే అక్కకో, బోటు నడిపే మనిషికో ప్రింటు చేతికివ్వండి. వాళ్ళకు కాంపోజిషన్ అనే మాట అవసరం లేదు. "ఇది మంచు కాదు సార్. ఇప్పపూలు ఏరుకోడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు, ఆ పొగ" అని చెప్తారు. మీరు దానికి నీలిరంగు కలిపి పొగమంచు చేసి ఉంటే ఆ మాటతో మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి. పొగకు వెచ్చదనం ఉంటుంది, నేలకు దగ్గరగా దట్టంగా ఉండి పైకి పోనుపోను విచ్చుకుంటుంది. తెలిశాక మీరు దిద్దే తీరే మారుతుంది. ఆ ప్రింటు వాళ్ళకే వదిలి రండి. వాళ్ళ మొహాలు, వాళ్ళ ఇళ్ళు ఉన్న ఫొటో అయితే ఇంకెవరికైనా చూపించే ముందే వాళ్ళను అడగండి. అభయారణ్యం లోపలైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, డ్రోను సంగతి మరీ ముఖ్యం.

అన్ని విమర్శలూ పాటించాల్సిన పని లేదు. ముగ్గురూ ఒకే చోట తడబడితే అక్కడ లోపముంది, వాళ్ళు చెప్పిన మందు తప్పు కావచ్చు గానీ నొప్పి నిజం. ఒక్కరే అంటే, అది వాళ్ళ అభిరుచి కావచ్చు, వారం ఆగి చూడండి. ఫొటో మొత్తం మార్చేయమన్న సలహాను రాసి పెట్టుకుని, మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు తీయడానికి వాడుకోండి.

వచ్చే నెల కూడికకు అదే ఫొటో రెండు ప్రింట్లు పట్టుకెళ్ళండి, దిద్దనిదీ దిద్దినదీ. ఏది ఏదో చెప్పకుండా పక్కపక్కన పెట్టి మళ్ళీ మొదటి ప్రశ్నే అడగండి: ఏం కనిపిస్తోంది? కొండలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయని వాళ్ళంతట వాళ్ళు అంటే సరే. దిద్దని దాని దగ్గరే వాళ్ళు ఎక్కువసేపు ఆగితే, ఎక్కడ అతిగా చేశారో అక్కడికి వెనక్కి వెళ్ళండి. ఉంచుకునే ప్రింటు వెనక పెన్నుతో నెల, సంవత్సరం, రేవు పేరు రాయండి. వరదకాలమైతే ఆ రోజు భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులో రాయండి. ఏమైనా చెరిపి ఉంటే, ఏం చెరిపారో అదీ రాయండి.